ప్రాసెసరుకు యోగ్యతా పత్రం

తనకు ఏ పని చేతనవునో, ఏది కాదో ఉన్నదున్నట్టు చెప్పగల ఉద్యోగి మన కార్యాలయాల చరిత్రలో ఇంతవరకు ఒక్కరే నియమితులయ్యారనీ, సదరు ఉద్యోగి 1994 మార్చి 21, సోమవారం ఉదయం పదిన్నరకు నల్లగొండలో మొదటిసారి నోరు విప్పిందనీ ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమైనది.

ఆ ఉద్యోగి పేరు 286. అది ఒక ప్రాసెసరు, అంటే కంప్యూటరుకు బుర్ర. మెట్టప్రాంత గొర్రెల సమగ్ర వికాస సంస్థ వారి జిల్లా కార్యాలయంలో, జూనియర్ అసిస్టెంటునైన నా కుర్చీకి సరిగ్గా ఎదురుగా, ఒక రేకు పెట్టెలో దాని నివాసం. హైదరాబాదులోని ప్రధాన కార్యాలయం దాన్ని ఆరేళ్లు వాడుకుని, ఇక పనికిరాదని తేలాక జిల్లాల ఆధునికీకరణ పథకం కింద మాకు పంపించింది. (పనికిరానిది జిల్లాకు రావడాన్ని ఆధునికీకరణ అంటారు. పనికొచ్చేది జిల్లా నుంచి పోవడాన్ని బదిలీ అంటారు.)

బదిలీ మాట వచ్చింది కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. ఆ సోమవారం నాటికి నాకు పెళ్లయి ముప్పై ఆరు రోజులు. అందులో భర్తతో గడిపినవి పదకొండు. మా ఆయన సైదులు ఇదే సంస్థలో జూనియర్ అసిస్టెంటే, కానీ మహబూబ్‌నగర్‌లో. శనివారం ఆఫీసు అయ్యాక బస్సెక్కి, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా వచ్చేవారు. చేతిలో వేయించిన పల్లికాయల పొట్లం ఉండేది. కొన్నప్పుడు వేడిగా ఉండే ఆ పల్లీలు నల్లగొండ చేరేసరికి చల్లబడి, సగమయ్యేవి. అయినా ప్రతి పొట్లంలోనూ మూడు గింజల కాయలన్నీ ఏరి, జేబులో నాకోసం విడిగా తెచ్చేవారు. ఇలాంటి మనిషిని వారానికి ఒకటిన్నర రోజు మాత్రమే మంజూరు చేయడం అన్యాయమని నాకు అనిపించింది.

ఉపాయం నిబంధనల్లోనే ఉంది. భార్యాభర్తల ప్రాతిపదికన ఇద్దరినీ ఒకేచోట నియమించవచ్చు. నల్లగొండలో ఒక జూనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీగానే ఉంది. దరఖాస్తు పెట్టాం. మార్చి 31లోగా ఉత్తర్వు వస్తే వచ్చినట్టు, రాకపోతే మళ్లీ ఏడాదికి. అయితే ఆ ఏడాది నుంచే ఒక కొత్త నిబంధన వచ్చింది. బదిలీల జాబితా కంప్యూటరులోంచి రావాలి. చేత్తో రాసినది చెల్లదు. (చేత్తో రాస్తే పక్షపాతం ఉంటుందట. చేత్తో కంప్యూటరులోకి ఎక్కిస్తే ఉండదట.)

అదే మార్చి 31లోగా, అదే కంప్యూటరులో, జిల్లా గొర్రెల గణన కూడా పూర్తి కావాలి. ఉన్నది ఒకే యంత్రం. ముందు మాదంటే మాదని బదిలీల విభాగానికీ గణన విభాగానికీ పదిరోజులు వాదన నడిచింది. ప్రధాన కార్యాలయం ఇరుపక్షాలనూ విని, ఎవరినీ నొప్పించకుండా, రెండు పనులనూ ఒకేసారి చేయించే కొత్త కెర్నల్‌ను ఫ్లాపీల్లో పెట్టి, జాఫర్ అనే ఇంజనీరు చేతికిచ్చి పంపింది.

కెర్నల్ అంటే యంత్రం లేచినప్పుడు అందరికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటూ పనీ పంచిపెట్టే ప్రోగ్రాము. ఇంట్లో దాని అనుమతి లేనిదే పొయ్యి వెలగదు. (కొత్త కోడలిని కాబట్టి ఈ భాగం నాకు తొందరగానే అర్థమైంది.) ఈ కొత్త కెర్నల్ గొప్పతనం ఏమిటంటే, ఒకే యంత్రాన్ని రెండు యంత్రాలని నమ్మించగలదు. బదిలీల ప్రోగ్రాము యంత్రమంతా తనదే అనుకుంటుంది. గొర్రెల ప్రోగ్రామూ యంత్రమంతా తనదే అనుకుంటుంది. ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియదు. అయితే ఈ భ్రమ నిలబడాలంటే ప్రాసెసరులో పుట్టుకతోనే ఒక అడ్డుగోడ ఉండాలి. 386 రకానికి ఆ గోడ ఉంది. మా 286కు లేదు.

అందుకే కెర్నల్ లేవగానే ప్రాసెసరుకు పెళ్లిచూపులు జరుపుతుంది. పేరు అడగదు. ఊరు అడగదు. మధ్యవర్తి మాట వినదు. 386కు మాత్రమే చేతనయ్యే ఒక చిన్న పని చెప్పి, చేయించి చూస్తుంది. ఆ సోమవారం ఉదయం మా 286ను చూసింది. తెర మీద మూడు వరుసలు వచ్చాయి. వాటి సారాంశం: ప్రాసెసరును పరీక్షించాను, రెండు యంత్రాలుగా నడిచే శక్తి దీనికి లేదు, ఆగుతున్నాను.

మా సూపరింటెండెంటు రఘుపతి గారు కళ్లద్దాలు సర్దుకుని మూడు వరుసలూ చదివారు.

"ఆగుతున్న అంటే ఏంది జాఫర్? లీవు పెట్టిందా?"

"లేదు సార్. గీ పని తనతోని కాదని చెప్తాంది."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ మాట ఆయన ఏ ఉద్యోగి నోటా వినలేదు. నా వైపు తిరిగి, "గట్ల చెప్పొచ్చా అమ్మా? రూల్సుల ఉన్నదా?" అని అడిగారు. నేను సర్వీసు నిబంధనలు రెండు సంపుటాలూ వెతికాను. లేదు.

రఘుపతి గారు ధైర్యం తెచ్చుకున్నారు. ఈ దేశంలో యోగ్యత అనేది ఒకరిలో ఉండేది కాదని, ఒక కాగితం మీద ఉండేదని ఆయనకు తెలుసు. కాబట్టి ఇక్కడ కొరవడింది గోడ కాదు, పత్రం. అరగంటలో ముసాయిదా తయారైంది. "సదరు 286 ప్రాసెసరును గత మూడు సంవత్సరాలుగా వ్యక్తిగతంగా ఎరుగుదుననీ, దాని నడవడిక సంతృప్తికరమనీ, రెండు యంత్రాలుగా పనిచేయుటకు అది అన్నివిధాలా యోగ్యమనీ ధ్రువీకరించడమైనది." మా జిల్లా మేనేజరు గారు మూడు ప్రతుల మీదా ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. (యంత్రం మా దగ్గరికి వచ్చి మూడు నెలలే అయింది. కానీ మూడేళ్ల ఎరుక లేనిదే ఎవరి నడవడికనూ ధ్రువీకరించకూడదని ఇంకో నిబంధన ఉంది.) ఒక ప్రతిని తెర పైభాగాన అతికించి, యంత్రాన్ని మళ్లీ లేపారు.

యంత్రం మళ్లీ కాదంది.

పెట్టె మీద రాసి ఉన్న అంకెలో దోషం ఉండవచ్చునని మేనేజరు గారు సెలవిచ్చారు. 286లోని రెండును ఎర్రసిరాతో మూడుగా దిద్ది, దిద్దుబాటును ధ్రువీకరిస్తూ పక్కన పొట్టి సంతకం చేశారు. అటుతర్వాత అన్ని రికార్డుల ప్రకారం అది 386. యంత్రం ఒక్కటే ఒప్పుకోలేదు. యోగ్యతా పత్రం జతచేసి ఉండగా యోగ్యత లేదని ఎందుకు చెబుతున్నావో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో జారీ అయింది. మూడో రోజు యంత్రాన్ని లేపితే అవే మూడు వరుసలు. "సంజాయిషీ అందినది. మొండిగా ఉన్నది" అని రఘుపతి గారు ఫైలులో రాసుకున్నారు.

మా జిల్లాలో ఎవరూ చేయని పని ఒకటి ఆ కెర్నల్ చేస్తోంది. అది పత్రాన్ని వదిలేసి మనిషిని చూస్తోంది. ఇలాంటి పరీక్ష మా కార్యాలయంలో వరుసగా ఒక్కొక్క కుర్చీ దగ్గరా పెడితే, సాయంత్రానికి దీపాలు ఆర్పడానికి కూడా ఎవరూ మిగలరు. (నన్ను కలుపుకునే అంటున్నాను. టైపులో నా వేగం పత్రంలో ఒకటి, వేళ్లలో ఒకటి.)

ఇంతలో మార్చి ఇరవై ఎనిమిది వచ్చింది. కొత్త యంత్రం కావాలంటే కనీసం అయిదు నెలలు. ఇక్కడ నేనొక నేరం చేశాను. దాన్ని దాచను. జాఫర్ భాయ్‌కి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, ఆ పరీక్షనే కెర్నల్‌లోంచి తీసేయడం కుదరదా అని అడిగాను.

కుదురుతుందన్నాడు. ఒక్క వరుస తీసేస్తే చాలు. ఆ మాట అన్నాక బిస్కెట్ కింద పెట్టేశాడు.

"పరీక్ష తీసేస్తె గోడ వస్తదా మేడం? గోడ లేని ఇంట్ల రెండు కుటుంబాలను కిరాయికి పెట్టినట్టు ఉంటది. ఒకల గిన్నె ఒకల పొయ్యి మీదికి పోతది."

"పోతే పోనియ్యి జాఫర్ భాయ్. మా ఇంట్ల ఉన్నది గోడనా? పరదనే. రెండేండ్ల సంది జన్నత్ బీ గిన్నెలు మా దిక్కే తిరుగుతున్నయి. ఎవరికేం నష్టమైంది?"

నిజమే చెప్పాను. మా ఇంటి యజమానురాలు జన్నత్ బీ తన ఒక్క హాలును పరదా కట్టి రెండు వాటాలు చేసింది. ఇవతల మా ఆయన నెమ్మదిగా ఒక సరసం ఆడితే, అవతల నుంచి ఆమె దగ్గు వినిపిస్తుంది. సరసం మరీ బాగుంటే దగ్గు రాదు, నవ్వే వస్తుంది.

జాఫర్ రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. రాతపూర్వకంగా ఇవ్వడం రఘుపతి గారికి చాలా ఇష్టం. "యోగ్యత పరిశీలన వలన పనికి ఆటంకం కలుగుతున్నందున, యోగ్యత పరిశీలనను రద్దు చేయడమైనది." జాఫర్ ఆ ఒక్క వరుసా తీసేశాడు. తనకు చేతకాదని చెప్పిన ఏకైక ఉద్యోగి నోరు అలా మూతపడింది.

ఆ తర్వాత యంత్రం చక్కగా లేచింది. ఇటు సిబ్బంది పేర్లు, అటు గొర్రెల వివరాలు, రెండూ ఒకేసారి నడిచాయి. కొబ్బరికాయ కొట్టాం. మార్చి ముప్పైన ప్రింటరు పొద్దంతా గీపెట్టి రెండు వందల పన్నెండు ఉత్తర్వులు కక్కింది. మేనేజరు గారు ఏ ఒక్కటీ చదవకుండా అన్నిటి మీదా సంతకం చేశారు. కంప్యూటరు రాసింది చదివితే దాన్ని అనుమానించినట్టు అవుతుందని ఆయన సంస్కారం.

మా ఆయన ఉత్తర్వు నా చేతికే వచ్చింది. ఇలా ఉంది: "సైదులు, మహబూబ్‌నగర్. మగ. రెండు పళ్లు. ఎడమ చెవి వద్ద నల్లమచ్చ. పెంపకానికి యోగ్యం. యజమాని: శ్రీమతి సుగుణ. కట్టంగూర్ మందకు తరలించడమైనది."

గొర్రెల వయసును పళ్లతో లెక్కిస్తారు. రెండు పళ్లంటే మంచి ప్రాయం. భార్య అనే గడిలో ఉండవలసిన నా పేరు యజమాని అనే గడిలో పడింది. (ఇందులో తప్పేముందో చాలాసేపు నాకు తెలియలేదు.) ఎడమ చెవి వెనక ఆయనకు నిజంగానే ఒక మచ్చ ఉంది. ఆ సంగతి నాకూ వాళ్లమ్మకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

నాలుగో రోజున కట్టంగూర్ నుంచి గుర్వయ్య అనే గొర్రెల కాపరి ఆఫీసుకు వచ్చాడు. భుజాన గొంగడి, ఒక చేతిలో ఉత్తర్వు, ఇంకో చేతిలో తాడు. తాడు చివర నల్లటి పొట్టేలు. బస్సులో దానికి కూడా టికెట్ కొట్టారట. ఉత్తర్వు ప్రకారం ఆ పొట్టేలు జూనియర్ అసిస్టెంటు. డిగ్రీ, రెండో శ్రేణి. భార్య పేరు: గుర్వయ్య. భార్యాభర్తల ప్రాతిపదికన నల్లగొండకు బదిలీ. ఏడు రోజుల్లో చేరకపోతే కఠినచర్య.

"సారూ, నన్ను దీనికి పెండ్లామని రాసిండ్రు. మా ఇంట్ల ఆమె రెండొద్దుల సంది నవ్వుతనే ఉన్నది. అది పోనియ్యి. గీ కఠినచర్య అంటే ఏంది? దీన్ని కోస్తరా?"

రఘుపతి గారు ఉత్తర్వును వెలుతురుకు పట్టి చూశారు. సంతకం అసలుదే. ముద్ర అసలుదే. సంతకమున్న ఉత్తర్వుతో వచ్చినవారిని చేర్చుకోకపోతే తన మీదే చర్య ఉంటుంది. "పొద్దుగాల చేరినట్టు రాయాల్నా, పగటాల చేరినట్టు రాయాల్నా?" అని మాత్రం అడిగారు. పొద్దుగాలే అని గుర్వయ్య చెప్పాడు. పొట్టేలు ముందుకాలి గిట్టను ముద్రల మెత్తకు అద్ది, హాజరు పట్టీలో వేయించారు. ఊదారంగులో గిట్ట చక్కగా పడింది. మా మేనేజరు గారి సంతకం కంటే స్పష్టంగా ఉంది.

"సార్, అది మా ఆయన పోస్టు సార్" అన్నాను.

"ఉండె అమ్మా. ఇప్పుడు నిండింది."

"మరి తప్పు దిద్దరా?"

"దిద్దమంటె దిద్దుత. దిద్దితే ఎవల జాగాకు వాళ్లు మల్ల పోవాలె. పొట్టేలు కట్టంగూర్ పోతది, మీ ఆయన మహబూబ్‌నగర్ పోతడు. దరఖాస్తు ఇస్తవా?"

ఆ సాయంత్రం మా ఆయన పెట్టె సర్దుకుని దిగారు. మహబూబ్‌నగర్‌లో అప్పటికే ఆయన్ను విధుల నుంచి తప్పించారు, గొర్రెను ఉంచుకునే అధికారం తమకు లేదని. నేను దరఖాస్తు సంగతి చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని ఉత్తర్వును రెండుసార్లు చదువుకున్నారు.

"కట్టంగూర్ ఈడికెంత దూరం?"

"బస్సుకు గంట."

"మరి గొర్రె అయితే ఏమైతది సుగుణా? రోజూ ఇంటికొస్త గద."

పరదా అవతల జన్నత్ బీ, "అచ్ఛా చెప్పిండు బేటా" అంది.

దరఖాస్తు ఇవ్వలేదు. మా ఆయన రోజూ పొద్దున్నే కట్టంగూర్ వెళ్లి, మందలో చేరినట్టు గుర్వయ్య వేలిముద్ర తీసుకుని, గొర్రెల లెక్క రాసిపెట్టి, సాయంత్రానికి ఇంటికి వచ్చేవారు. అంతవరకు ఆయన్ను నేను శనాదివారాల్లోనే చూశాను. మంగళవారం నాడు ఎలా ఉంటారో నాకు తెలియదు. మంగళవారం కూడా బాగున్నారు. బుధవారం తల దువ్వుకోరు. గురువారం వంటలో సాయం చేస్తానని వచ్చి ఉల్లిగడ్డ దగ్గర ఏడుస్తారు. ఒక మనిషిలో ఇన్ని వారాలున్నాయని తెలుసుకోవడానికి ఆయన గొర్రె కావలసి వచ్చింది.

చిన్నచిన్న ఇబ్బందులు లేవని కాదు. నెలనెలా మా ఆయన పేర దాణా బస్తా, పొట్టేలు పేర జీతం వచ్చేవి. గుర్వయ్య మర్యాదస్తుడు. అతను జీతం కవరు తెచ్చి మాకిచ్చేవాడు, మేము బస్తా అతనికిచ్చేవాళ్లం. జూన్‌లో గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించేవాళ్లు వచ్చారు. పట్టీలో పేరున్న జీవాన్ని వదిలి పోలేమన్నారు. మా ఆయన తాగారు. (ఆ తర్వాత వారం రోజులు ఆకలి బాగా వేసిందని, ఇది ముందే తాగాల్సిందని అన్నారు.) పొట్టేలు మీద ఆఫీసులో ఏ ఫిర్యాదూ లేదు. తన దగ్గరికి వచ్చిన ఏ ఫైలునూ ఆపలేదు. అంచులు మాత్రం కొద్దిగా తినేది.

ఆగస్టులో కొత్త యంత్రం వచ్చింది. అసలుసిసలు 386. జాఫర్ తీసేసిన వరుసను కెర్నల్‌లో తిరిగి పెట్టాడు. పెళ్లిచూపులు రెండు క్షణాల్లో ముగిశాయి. ప్రాసెసరు యోగ్యమైనది, నడుస్తున్నాను, అని తెర మీద వచ్చింది. మేనేజరు గారి పత్రం అవసరం లేకుండానే నెగ్గినందుకు ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. పాత 286 మీద విచారణ జరిగింది. ఇంత ప్రమాదం జరగబోతుంటే ముందుగా హెచ్చరించలేదన్నది అభియోగం. హెచ్చరించినట్టు యంత్రంలో ఆధారమేమీ దొరకలేదు, ఆ వరుస తీసేశాం కాబట్టి. తూకానికి అమ్మేశారు.

పాత రికార్డులను ఎక్కడివక్కడే కొత్త యంత్రంలోకి ఎక్కించారు. సిబ్బంది ఒక వైపు, గొర్రెలు ఒక వైపు, మధ్యలో గోడ. ఇప్పుడైనా మా ఆయన్ను సిబ్బంది వైపుకు మార్చవచ్చా అని, ధైర్యం చేసి, నేనే అడిగాను. జాఫర్ తల వంచుకున్నాడు.

"కాదు మేడం. గా దిక్కు ఏమున్నదో గీ దిక్కుకు కనిపియ్యది. గందుకే గద గీ మిషిన్ తెచ్చింది."

పోనీలే, ఎలాగూ రోజూ ఇంటికి వస్తున్నారు కదా అనుకున్నాను. సెప్టెంబరు మొదటి తేదీన, యజమాని హోదాలో, నా పేర ఒక నోటీసు వచ్చింది. పెంపకానికి యోగ్యమని నమోదైన మగజీవాల యజమానులు, సదరు జీవానికి పుట్టిన పిల్లల సంఖ్యను మార్చి 31లోగా తెలపాలి. ఆ గడిలో సున్నా ఉంటే జీవాన్ని మంద నుంచి తప్పించి, మహబూబ్‌నగర్ కేంద్రానికి తరలిస్తారు.

నోటీసు మా ఆయనకు చూపించాను. ఆయన తీసుకుని చదివి, తేదీ చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, ఏడే ఉన్నాయన్నారు. గొర్రెకు అయిదు నెలలు చాలు. మాకు తొమ్మిది కావాలి. నేను సిగ్గు పక్కన పెట్టి, తెల్లకాగితం మీద, మూడు ప్రతుల్లో, ఈ తేడాను సవినయంగా వివరిస్తూ, గడువును జూన్ ఆఖరుదాకా పొడిగించమని దరఖాస్తు రాశాను. మా వంతు ప్రయత్నంలో లోపం ఉండదని కూడా హామీ ఇచ్చాను.

జవాబు మూడు రోజుల్లో వచ్చింది. గడువు పొడిగింపు సిబ్బందికే తప్ప గొర్రెలకు వర్తించదట. అయితే నల్లగొండ సిబ్బందిలో భార్యాభర్తల ప్రాతిపదికన చేరినవారు ఒకరున్నారని, నేను కోరిన గడువును వారికి మంజూరు చేశామని రాశారు. కట్టంగూర్‌లో ఇప్పటికే పద్నాలుగు పిల్లలున్న ఆ ఉద్యోగి ఉత్తర్వు అందినట్టు గిట్ట వేసి, నా మూడో ప్రతి తినేసింది.